బోటులో నెల రోజులు ఉండాలంటే: లంగరా, మూరింగ్ బాలా, మెరీనానా?

చెన్నైలో ఉండే మన తెలుగువాళ్ళకి ఈమధ్య ఈ సరదా బాగా పట్టుకుంది. ఓఎంఆర్‌లో ఐటీ చేసే జంటలు, అన్నానగర్‌లో రిటైరై కూర్చున్న పెద్దవాళ్ళు, సెలవులకి పిల్లల్ని ఎటైనా తీసుకెళ్ళాలని చూసేవాళ్ళు, అందరూ అడిగేది ఒకటే. సెయిల్‌బోటులో ఒక నెల ఉండి చూద్దామనుకుంటున్నాం, హార్బర్‌లో బోటు ఎలా పెట్టుకుంటే మంచిది, లంగరు వేసుకుని నీళ్ళ మధ్యలో ఉండాలా, నీళ్ళ మీద తేలే మూరింగ్ బాల్‌కి కట్టుకోవాలా, లేక డబ్బు పోతే పోయిందని మెరీనాలో, అంటే బోట్లు గట్టుకి కట్టేసుకునే చోట (మన మెరీనా బీచ్ కాదు), దిగాలా అని. ఆ వెంటనే రెండో ప్రశ్న అద్దె ఎంత అని. నేనైతే అద్దె సంగతి ఆఖర్న చూడమంటా, ముందు గాలి చూడండి. వేడి హార్బర్‌లో బోటు ముక్కు ఎటు తిరిగి ఉందో దాన్ని బట్టే మీకు రాత్రి నిద్ర పడుతుందా లేదా, కరెంటు ఎంత కావాలి, దోమలు ఎన్ని, ఇంట్లోవాళ్ళు మూడో రోజుకే రిటర్న్ టికెట్లు వెతకడం మొదలుపెడతారా లేదా, అన్నీ తేలిపోతాయి.

ముందు ఊరి సంగతి చెప్పేస్తా. చెన్నైలోనే ఉండొచ్చు కదా అంటే కుదరదు. రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ 1911 నుంచి ఉంది, అప్పటి పోర్టు ట్రస్ట్ చైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ మొదలుపెట్టింది, ఇప్పటికీ హార్బర్ లోపలే ఉంది, సెయిలింగ్ నేర్చుకోడానికి మనకి అంతకంటే దగ్గర చోటు లేదు. కానీ అది సరుకు ఓడలు తిరిగే పోర్టు, గేటు దగ్గర పాస్ లేకపోతే లోపలికే పోనివ్వరు, బోటులో కాపురం పెట్టే ఏర్పాట్లు అక్కడ లేవు. పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల భయం, తుఫాను దగ్గరికొస్తే పెద్ద ఓడల్నే హార్బర్ ఖాళీ చేసి సముద్రంలోకి వెళ్ళిపోమంటారు, 2016 డిసెంబర్‌లో వర్ద వచ్చిపోయాక ఊరు ఎలా ఉందో చూసినవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. కొచ్చిలో బోల్గట్టీ దగ్గర మెరీనా ఉంది, బావుంటుంది, కాకపోతే జూన్ నుంచి అక్కడ వాన మామూలుగా ఉండదు. అందుకే నన్ను అడిగేవాళ్ళలో ఎక్కువమంది చివరికి మలేసియాలోని లంకావి దీవి దగ్గరే ఆగుతారు. చెన్నై నుంచి కౌలాలంపూర్ నాలుగు గంటలు, అక్కడ్నుంచి ఇంకో గంట. మన పాస్‌పోర్టుకి 2026 ఆఖరు దాకా 30 రోజులు వీసా లేకుండా ఉండనిస్తున్నారు, ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు ఒకటి నింపుకుంటే చాలు. దీవిలో కువా దగ్గర యాట్ క్లబ్ మెరీనా, పడమర పక్క తెలగా, ఎదురుగా చిన్న దీవిలో రెబాక్ ఉన్నాయి, లంగరు వేసుకునే చోట్లకైతే కొదవే లేదు. నేను ఉదాహరణలన్నీ అక్కడివే చెప్తా, థాయిలాండ్‌లో ఫుకెట్ వెళ్ళినా లెక్క దాదాపు ఇదే.

ఇంకో మాట, బోటు మీదైనా, ఫ్రెండ్‌దైనా, అద్దెదైనా 38 నుంచి 40 అడుగుల మామూలు సెయిల్‌బోటు అనుకుని రాస్తున్నా. మీకు సర్టిఫికెట్, అనుభవం లేకపోతే ఒట్టి బోటు అద్దెకివ్వరు, బోటు నడిపే స్కిప్పర్‌తో కలిపి తీసుకోవాలి. ఆ స్కిప్పర్‌కీ ఒక క్యాబిన్ పోతుందని లెక్కలో వేసుకోండి, ఇది చాలామంది మర్చిపోతారు.

## ఏవేవి చూసుకోవాలి

గాలి. లంకావిలో పగలు 32, 33 డిగ్రీలు, మన చెన్నైవాళ్ళకి అదొక లెక్కా అనిపిస్తుంది. తిరకాసు ఎక్కడంటే సముద్రం నీళ్ళు కూడా 29, 30 డిగ్రీలుంటాయి, బోటు అడుగుభాగం రాత్రీ పగలూ ఆ గోరువెచ్చటి నీళ్ళలోనే నానుతుంటుంది, కాబట్టి సూర్యుడు పోయినా లోపల చల్లబడదు. ఇంట్లో అయితే ఫ్యాన్ వేసి టెర్రస్ మీద నీళ్ళు చల్లి ఏదో చేస్తాం. బోటులో పైకప్పుకి ఉండే తలుపు, అదే హ్యాచ్, లోంచి దూరి వెనక మెట్ల దారిన బయటికి పోయే గాలి ఒక్కటే దిక్కు. ఐఎన్ఎస్‌వీ తారిణి మీద 2017, 18లో ప్రపంచం చుట్టొచ్చిన ఆరుగురు నేవీ ఆఫీసర్లలో ఐశ్వర్య బొడ్డపాటి, మన విశాఖ స్వాతి ఉన్నారు కదా, వాళ్ళని చూసి అబ్బో అంత కష్టం మనవల్ల అవుతుందా అంటుంటారు కొందరు. వాళ్ళది వేరే లెవెల్, 254 రోజులు, చలి, తుఫాన్లు, దాంతో మనకి పోలికే లేదు. కాకపోతే హార్బర్‌లో మన కష్టం ఇంకో రకం. బోటు నడుస్తున్నంతసేపు ఏదో ఒక గాలి తగుల్తూనే ఉంటుంది, ఆగి నిలబడ్డాకే ఉక్క మొదలవుతుంది.

నీళ్ళు. ఈ సైజు బోటు ట్యాంకు 300 నుంచి 400 లీటర్లు. ఇద్దరు జాగ్రత్తగా వాడితే రోజుకి 40 లీటర్లు, అంటే వారం పైన వస్తుంది. నలుగురైతే నాలుగు రోజులు. చెన్నైలో 2019 వేసవి చూసినవాళ్ళకి బకెట్ లెక్కలు ఎవరూ నేర్పక్కర్లేదు, కానీ తేడా ఏంటంటే ఇక్కడ ట్యాంకర్ రాదు, మీరే 20 లీటర్ల క్యాన్లు మోయాలి. నాలుగు రోజుల నీళ్ళంటే 16 క్యాన్లు, ఒక్కోటి 20 కిలోలు, గట్టు మీంచి డింగీలోకి (గట్టుకీ బోటుకీ మధ్య తిరిగే చిన్న పడవ), డింగీలోంచి డెక్ మీదికి.

కరెంటు. కింద విడిగా లెక్క చెప్తా, ఆఫీసు పని చేసుకునేవాళ్ళకి మొత్తం ఆటంతా ఇక్కడే ఉంది.

గట్టు ఎంత దూరం. మీటర్లలో కాదు, మీతో వచ్చేవాళ్ళ మోకాళ్ళతో కొలవాలి. ఊగే డింగీలోంచి ఊగే బోటులోకి ఎక్కగలరా, అదీ చీకట్లో, చేతిలో సామాన్లతో.

రాత్రి నిశ్చింత. బోటు కదిలిపోతుందేమో అనే భయం లేకుండా పడుకోగలరా.

డబ్బు ఆరోది.

## లంగరు

నాకు ఇష్టమైంది ఇదే, ముందే చెప్పేస్తున్నా, కాబట్టి ఈ భాగం కాస్త ఎక్కువ పొగిడినట్టుంటే సర్దుకుని చదువుకోండి. లంగరు గొలుసు బోటు ముక్కుకి ఉంటుంది కాబట్టి గాలి ఎటునుంచి వస్తే ముక్కు అటు తిరుగుతుంది, హ్యాచ్‌లు తెరిచి ఉంచితే గాలి సూటిగా లోపలికే. హ్యాచ్ మీద గుడ్డతో చేసిన గాలి తొట్టి లాంటిది ఒకటి కట్టుకుంటే ఇంకా బాగా లాగుతుంది, డెక్ మీద తెల్లటి పందిరిగుడ్డ పరిస్తే లోపల నాలుగైదు డిగ్రీల తేడా ఒంటికే తెలుస్తుంది. గట్టుకి రెండు మూడొందల మీటర్ల దూరంలో ఉంటే దోమలు దాదాపు ఉండవు, డెంగీ ఉండే ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. పొద్దున్నే లేచి నిచ్చెన దిగి ఈత కొట్టి అక్కడే ఉప్పునీళ్ళతో స్నానం చేసి, ఒక రెండు లీటర్ల మంచినీళ్ళు పైన పోసుకుంటే అయిపోయింది. అద్దె ఏమీ లేదు. (గాలి ఒకవైపు, నీటి ప్రవాహం ఒకవైపు ఉన్నప్పుడు మాత్రం బోటు అడ్డంగా తిరిగి ఉంటుంది, అప్పుడు ఊగుడూ ఉంటుంది ఉక్కా ఉంటుంది, కొన్ని గంటలే లెండి.)

ఇక కష్టాలు. గొలుసు ఎంత వదలాలి అన్నది అక్కడి ఆటుపోట్లతో మారుతుంది, చెన్నై హార్బర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నవాళ్ళకి ఇది అలవాటు ఉండదు, ఎందుకంటే మన దగ్గర ఆటుపోట్ల తేడా మీటరు అటూఇటూ, లంకావిలో పున్నానికి అమావాస్యకి మూడు మీటర్ల దాకా పోతుంది. లోతు అయిదు మీటర్లు, ముక్కు ఎత్తు ఒక మీటరు, పోటు మూడు, మొత్తం తొమ్మిది. దానికి అయిదు రెట్లు అంటే 45 మీటర్ల గొలుసు, గాలి గట్టిగా వచ్చేట్టుంటే ఏడు రెట్లు, 63. అంత గొలుసు చుట్టూ బోటు గిరగిరా తిరగడానికి చోటుండాలి, పక్క బోటువాడు ఎంత వదిలాడో కూడా చూసుకోవాలి. రాత్రిపూట అన్నివైపులకీ కనిపించే తెల్లలైటు స్తంభం మీద వెలగాలి, పగలు నల్లటి బంతి గుర్తు వేలాడదీయాలి, ఇవి రూల్సు, ఎవరూ చూడరులే అనుకోవద్దు, చేపల పడవలు చీకట్లో మీ పక్కనుంచే పోతుంటాయి.

అన్నిటికంటే పెద్దది సుమత్రాలు. ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా మలక్కా జలసంధిలో సుమత్రా దీవి వైపు నుంచి వచ్చే గాలివానలకి అక్కడ ఆ పేరు, తెల్లవారుజామున ఎక్కువ, ప్రశాంతంగా ఉన్న చోట పది నిమిషాల్లో గంటకి 70, 80 కిలోమీటర్ల గాలి కొడుతుంది, అదీ మీరు సాయంత్రం లంగరు వేసినప్పటి దిక్కుకి రివర్సులో. లంగరు సరిగ్గా దిగబడకపోతే అప్పుడు పీక్కొస్తుంది. అందుకే దింపాక ఇంజన్ వెనక్కి గట్టిగా పెట్టి లాగి చూడాలి, ఫోన్‌లో యాంకర్ అలారం పెట్టుకోవాలి, ఆ సీజన్లో అయితే ఇద్దరిలో ఒకరు మెలకువగా ఉండాల్సిన రాత్రులు వస్తాయి. పిడుగులు కూడా అక్కడ ఎక్కువే, ఉరుములు మొదలవగానే ఫోన్లు, చేతి జీపీఎస్ తీసి ఒవెన్‌లో పెట్టేస్తారు చాలామంది, నవ్వొచ్చినా పనికొచ్చేదే, తీయకుండా ఒవెన్ వెలిగించకపోతే చాలు.

ఆపైన డింగీ. లంగరు మీద ఉన్నవాళ్ళకి డింగీయే స్కూటర్, ఆటో, పాలవాడు అన్నీ. వాన పడ్డాక అందులో నిలిచిన నీళ్ళు పారబోయకపోతే దోమల్ని మీరే పెంచుతున్నట్టు. రాత్రి దాన్ని తాడుతో పైకి లేపి కట్టుకోవాలి, నీళ్ళలో వదిలేస్తే పొద్దున్న ఉండకపోవచ్చు. పీవీసీ డింగీలు ఆ ఎండకి జిగురు ఊడి విచ్చుకుపోతాయి, హైపలాన్ అనే రబ్బరుతో చేసినవి ఆగుతాయి, బోటు ఒప్పుకునే ముందు డింగీ ఏ రకమో, ఇంజన్ స్టార్ట్ అవుతుందో లేదో మీ కళ్ళతో చూడండి. తెడ్లు ఉన్నాయా అని కూడా.

## మూరింగ్ బాల్

సముద్రం అడుగున పెద్ద సిమెంటు దిమ్మ వేసి, దానికి గొలుసు, పైన తేలే బంతి. వచ్చి బంతికి తాడు కట్టుకోవడమే. గాలి సుఖం లంగరంతే, బోటు తిరిగే చోటు తక్కువ కాబట్టి గట్టుకి కాస్త దగ్గరగా ఉండొచ్చు, అద్దె మెరీనా కంటే చాలా తక్కువ. వినడానికి రెండిటి మధ్య మంచి రాజీ అనిపిస్తుంది.

నాకు మాత్రం అంత నమ్మకం లేదు. ఎందుకంటే లంగరైతే ఎంత గొలుసు వదిలారో మీకు తెలుసు, ఎలా దిగిందో వేడి నీళ్ళే కాబట్టి మాస్క్ పెట్టుకుని దూకి చూసి రావొచ్చు. బాల్ కింద గొలుసుని కలిపే షాకిల్ (ఇనప కొక్కెం) ఎప్పుడు మార్చారో, గొలుసు ఎంత అరిగిందో ఇంకొకరి మాట మీద నమ్మాలి, వెచ్చటి ఉప్పునీళ్ళలో ఇనుముని తుప్పు తొందరగా తినేస్తుంది. ఆఖరిసారి డైవర్ ఎప్పుడు దిగి చూశాడు అని అడగండి, తేదీ చెప్పగలిగితే తీసుకోండి, అదేం పర్లేదు సార్ గట్టిగానే ఉంటది అంటే వద్దు. తీసుకున్నా సరే వాళ్ళ తాడు ఒక్కదానికే వేలాడకుండా మీ తాళ్ళు రెండు వేసుకోండి, బోటు అంచుకి రాసుకునే చోట పాత గొట్టం ముక్క తొడగండి. ఫెర్రీలు తిరిగే దారి పక్కన బాల్ అయితే రోజంతా అలలకి ఊగుతూనే ఉంటారు, వికారం వచ్చేవాళ్ళు ఇంట్లో ఉంటే అవొమిన్ స్ట్రిప్ కొనుక్కెళ్ళడం కంటే ఆ బాల్ వద్దనుకోవడం మంచిది.

## మెరీనా

గట్టు లాంటి తేలే చెక్క దారి, దాని పక్కన బోటు నాలుగు తాళ్ళతో కట్టేసి ఉంటుంది, దిగి నడిచి వెళ్ళిపోవచ్చు. కొళాయి ఉంటుంది, ప్లగ్గు ఉంటుంది, స్నానాల గదులు, బట్టలు ఉతుక్కునే మిషన్లు, సామాన్లు తోసుకెళ్ళే బండి, రాత్రి వాచ్‌మన్. ఫ్లాట్ అద్దెకి తీసుకున్నట్టే, అది కొంచెం ఊగుతుంది అంతే. సుమత్రా వచ్చినా దుప్పటి కప్పుకుని పడుకోవచ్చు.

దుప్పటి అన్నానంటే ఏసీ ఉంది కాబట్టి అన్నా. ఏసీ లేకుండా మెరీనాలో ఉండటం నేను ఎవరికీ చెప్పను. ఎందుకంటే మెరీనా కట్టేదే గాలీ, అలలూ రాని చోట, మీ బోటు ముక్కు ఎటుంటే అటే, గాలి పక్కనుంచో వెనకనుంచో వస్తే హ్యాచ్‌లు తెరిచినా లాభం లేదు, పక్క బోటు వేరే అడ్డం. సాయంత్రం గాలి పడిపోయిందంటే లోపల జ్యేష్ఠమాసంలో వాచ్‌మన్ గదిలో ఉన్నట్టే. దోమలు, బొద్దింకలు తాళ్ళ మీద నడిచి వచ్చేస్తాయి. కొన్ని బోట్లకి సముద్రం నీళ్ళతో చల్లబరిచే ఏసీ ఉంటుంది, అది బావుంటుంది కానీ నీళ్ళు లాగే జల్లెడలో చెత్త, జెల్లీఫిష్‌లు అడ్డం పడుతుంటాయి, వారానికోసారి తీసి కడగాలి. లేని బోట్లలో చాలామంది మామూలు విండో ఏసీ ఒకటి కొని హ్యాచ్ మీద పెట్టి చుట్టూ ప్లైవుడ్ కొట్టేస్తారు, చూడ్డానికి ఘోరంగా ఉంటుంది, పని మాత్రం బ్రహ్మాండంగా చేస్తుంది.

అద్దె బోటు పొడవుని బట్టి కడతారు, రోజు రేటు వేరు నెల రేటు వేరు, నెలకి మాట్లాడుకుంటే బాగా తగ్గుతుంది. కాటమరాన్ (రెండు పడవలు పక్కపక్కన కలిపినట్టుండే బోటు) అయితే వెడల్పు ఎక్కువని చాలాచోట్ల ఒకటిన్నర రెట్లు అడుగుతారు. అడగాల్సినవి మూడు: బోటులో నివాసం ఉండనిస్తారా, కరెంటుకి మీటర్ ఉందా లేక కలిపేశారా, నీళ్ళు తాగడానికి పనికొస్తాయా. ఇంకోటి బోటు ఓనర్‌ని అడగండి, గాల్వానిక్ ఐసొలేటర్ ఉందా అని. మెరీనాలో అన్ని బోట్లూ ఎర్త్ వైరు ద్వారా ఒకదానికొకటి కలిసిపోయి ఉంటాయి, అది లేకపోతే పక్కవాడి బోటు బాగుండటానికి మీ బోటు కింద తుప్పు పట్టకుండా పెట్టిన జింకు ముక్కలు కరిగిపోతాయి. నెలకి మీకు పెద్ద బాధ కాదు కానీ ఫ్రెండ్ బోటు తీసుకున్నప్పుడు ఫ్రెండ్‌షిప్ కూడా చూసుకోవాలి కదా.

మెరీనాలో బోటు టాయిలెట్ వాడకూడదు, వాడితే బోటులోనే మురుగు నిలవుండే హోల్డింగ్ ట్యాంకులోకే. గట్టు మీద టాయిలెట్ దాకా నడవాలి, అర్ధరాత్రి కూడా. లంగరు మీద ఆ బాధ లేదు, కానీ పంపు కొట్టడం, వాల్వు తిప్పడం ఇంట్లో అందరికీ నేర్పాలి, టిష్యూ పేపర్ అందులో వేయకూడదని అందరికంటే ముందు చుట్టాలకి చెప్పాలి.

| చూడాల్సింది | లంగరు | మూరింగ్ బాల్ | మెరీనా |
|---|---|---|---|
| గాలి | బోటే తిరుగుతుంది, బాగా వస్తుంది | దాదాపు అంతే | ఏసీ ఉంటేనే |
| దోమలు | చాలా తక్కువ | గట్టుకి దగ్గరైతే ఉంటాయి | హ్యాచ్‌లకి నెట్ తప్పదు |
| నీళ్ళు | క్యాన్లు, వాన, ఫిల్టర్ మిషన్ | క్యాన్లు | కొళాయి |
| కరెంటు | సోలార్ ఎంతుంటే అంత | అంతే | ప్లగ్గు, బిల్లు |
| గట్టు | డింగీ | డింగీ, కాస్త దగ్గర | దిగి నడవడమే |
| గాలివాన రాత్రి | మీ పని మీదే | ఎవరో వేసిన గొలుసు మీద నమ్మకం | నిద్ర |
| ఖర్చు | డింగీ పెట్రోలు | కొద్దిగా | బోటు పొడవుని బట్టి |

ఫిల్టర్ మిషన్ అన్నది ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసేది. అది ఉంది కదా క్యాన్లు ఎందుకు అంటారు, హార్బర్‌లో నీళ్ళ మీద డీజిల్ తెట్టు, కింద బురద ఉంటాయి, డీజిల్ తగిలితే లోపలి మెంబ్రేన్ పాడైపోతుంది, కాబట్టి హార్బర్ బయటికి వెళ్ళినప్పుడే నడపాలి. వాన నీళ్ళు పట్టుకోవడం మేలు, మొదటి పది నిమిషాలు డెక్ కడుక్కుపోనిచ్చి తర్వాత పందిరిగుడ్డ మధ్యలోంచి గొట్టంతో ట్యాంకులోకి.

## కరెంటు లెక్క

ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళేవాళ్ళు ఇది నెమ్మదిగా చదవండి. 400 వాట్ల సోలార్ ప్యానెళ్ళు ఆ ఎండలో రోజుకి సుమారు ఒకటిన్నర యూనిట్ ఇస్తాయి. ఆ వేడిలో 12 వోల్టుల ఫ్రిజ్ ఒక్కటే ముప్పావు నుంచి ఒక యూనిట్ తినేస్తుంది. రెండు ల్యాప్‌టాప్‌లు ఎనిమిది గంటలు, ఇంకో ముప్పావు. స్టార్‌లింక్ (శాటిలైట్ ఇంటర్నెట్) పెడితే 50 నుంచి 75 వాట్లు, ఎనిమిది గంటలకి అర యూనిట్. ఫ్యాన్లు, లైట్లు కలుపుకుంటే రెండున్నర దగ్గరికి పోయింది. అంటే 400 వాట్ల బోటులో ఇద్దరూ ఆఫీసు పని చేయలేరు, 800 ఉంటే చేయొచ్చు, మబ్బు పట్టిన రోజు ఎవరో ఒకరు లీవు పెట్టాలి. ఏసీ సంగతి సరే సరి, చిన్నదైనా రాత్రంతా మూడు నాలుగు యూనిట్లు, జనరేటర్ లేకుండా లంగరు మీద మర్చిపోండి. లంగరు దగ్గర ఫోన్ సిగ్నల్ ఎన్ని గీతలు వస్తుందో ముందు ఒకసారి డింగీలో వెళ్ళి చూస్తే అసలు స్టార్‌లింక్ అవసరమే పడకపోవచ్చు.

టైము కూడా చూసుకోండి, మలేసియా మనకంటే రెండున్నర గంటలు ముందు. పొద్దున్న తొమ్మిదిన్నర స్టాండప్ మీటింగ్ మీకు మధ్యాహ్నం పన్నెండుకి వస్తుంది, అప్పటిదాకా ఈతలు కొట్టుకోవచ్చు, హాయి. అమెరికావాళ్ళతో రాత్రి ఎనిమిదిన్నర కాల్ అంటే మీకు పదకొండు, అది హాయి కాదు.

## వంట

మూడు చోట్లా వంట ఒకేలా ఉండదు. మలేసియాలో కరెంటు మనలాగే 50 హెర్ట్జ్, వోల్టేజీ కూడా ఇంచుమించు మనదే, కాబట్టి మెరీనాలో మన మిక్సీ, కుక్కర్, ఇండక్షన్ స్టవ్ అన్నీ పనిచేస్తాయి, ప్లగ్గు పిన్నులు మాత్రం నలుచదరంగా ఉండే మూడు పిన్నులవి, అడాప్టర్ చెన్నైలో రిచ్చీ స్ట్రీట్‌లో దొరుకుతుంది, క్యాబిన్‌కి రెండు చిన్న యూఎస్‌బీ ఫ్యాన్లు కూడా అక్కడే తీసుకోండి. లంగరు మీద ఇండక్షన్ వద్దు, బ్యాటరీలు గుక్క తిప్పుకోలేవు. మిక్సీ పర్లేదు, మంచి ఇన్వర్టర్ ఉంటే మూడు నిమిషాల పచ్చడికి ఏమీ కాదు.

కాబట్టి లంగరు మీద గ్యాసే, గ్యాసు మీద ప్రెషర్ కుక్కరే. అన్నం, పప్పు ఒకేసారి గిన్నెల్లో పెట్టేస్తే గ్యాసు కలిసొస్తుంది, బోటు ఊగినా ఒలకదు, లోపల ఆవిరి తగ్గుతుంది. గ్యాసు గాలికంటే బరువు, లీకయితే పైకి పోకుండా బోటు అడుగున చేరుతుంది, కాబట్టి సిలిండర్ బయటికి రంధ్రం ఉన్న విడి అరలోనే ఉండాలి, వంట అవగానే అక్కడే కట్టేయాలి, మనింట్లో చేసినట్టు స్టవ్ నాబ్ తిప్పేసి వెళ్ళిపోతే చాలదు.

ఫ్రిజ్ చిన్నది కాబట్టి చెన్నై నుంచి ఏం పట్టుకెళ్తారన్నదే ముఖ్యం. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వులపొడి, ఆవకాయ, చింతపండు, ఇవుంటే కూరగాయలు అయిపోయినా రెండు రోజులు లాగొచ్చు. బియ్యం మోయక్కర్లేదు, పొన్ని బియ్యం అక్కడ దొరుకుతుంది, కువాలో మన తమిళవాళ్ళ హోటళ్ళు కూడా ఉన్నాయి. ఇడ్లీ పిండి ఆ వేడికి నాలుగైదు గంటల్లో పొంగి గిన్నె దాటుతుంది, సగానికే పోసుకోండి. అట్టపెట్టెలు మాత్రం బోటులోకి రానివ్వొద్దు, ఆ ముడతల్లో బొద్దింక గుడ్లు ఉంటాయి, సామాన్లన్నీ గట్టు మీదే డబ్బాల్లోకి మార్చుకుని ఎక్కించాలి, మెరీనా అయితే మరీ.

## ఎవరికి ఏది

ఇద్దరూ ఆఫీసు పని చేస్తూ ఉండాలంటే మెరీనా. వారం రోజులు మెరీనా, శనాదివారాలు లంగరు అని ప్లాన్ వేస్తారు చాలామంది, కాగితం మీద బానే ఉంటుంది, కానీ శుక్రవారం రాత్రి పదకొండు కాల్ అయ్యాక శనివారం పొద్దున్నే వైర్లు పీకి, ఏసీ సర్ది, లోపల గ్లాసులు డబ్బాలు అన్నీ కదలకుండా పెట్టి, తాళ్ళు విప్పి బయల్దేరడం అనేది అలవాటైనవాళ్ళకే బద్ధకం. సోలార్ 800 వాట్లు పైన ఉన్న బోటు దొరికితే మాట వేరు, అప్పుడు పూర్తిగా లంగరు మీదే ఉండండి, కాల్స్‌లో వెనక కాకుల గోల కూడా ఉండదు. ఆఫీసువాళ్ళ అనుమతి, బయటి దేశం నుంచి పనిచేసే రూల్స్ సంగతి మీరే కనుక్కోండి.

అమ్మానాన్నలతో వెళ్తే ఆలోచించొద్దు, మెరీనా, అందులోనూ పోటుకీ పాటుకీ బోటుతో పాటే దారి కూడా తేలేది, స్థిరమైన గట్టు అయితే పాటు సమయంలో మూడు మీటర్ల నిచ్చెన ఎక్కాలి. నాన్నగారికి పొద్దున్న వాకింగ్‌కి దారి ఉండాలి, అమ్మకి వంటింట్లో నిలబడటానికి చోటుండాలి, బోటు వంటగది నిలువుగా ఒక్క మనిషి పట్టే చోటు. ఒకటి రెండు పగళ్ళు లంగరు వేసి సాయంత్రానికి వెనక్కి వచ్చేస్తే వాళ్ళకీ సరదా తీరుతుంది.

పిల్లలతో అయితే వాళ్ళ వయసుని బట్టి. ఈత వచ్చిన పదేళ్ళ పిల్లలకి లంగరు స్వర్గం, వాళ్ళకి డింగీ తెడ్లు ఇస్తే ఫోన్ అడగరు. ఈత రాని చిన్నపిల్లలకి మూడు చోట్లా భయమే, కానీ ఎక్కువ ప్రమాదం మెరీనాలో. బోటుకీ చెక్కదారికీ మధ్య సందులో పడితే పట్టుకోడానికి ఏమీ ఉండదు, పైగా మెరీనా కదా అని పెద్దవాళ్ళు ఏమరుపాటుగా ఉంటారు. లైఫ్ జాకెట్ చెక్కదారి మీద కూడా వేయండి, బోటు చుట్టూ రెయిలింగ్‌కి వల కట్టండి.

ఒంటరిగా వెళ్ళే రిటైరైనవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళు లంగరు అంటే నేను అడ్డు చెప్పను, కాకపోతే మొదటి వారం మెరీనాలో ఉండి పక్క బోట్లవాళ్ళతో పరిచయం చేసుకున్నాక వెళ్ళండి. అక్కడ ఏళ్ళ తరబడి బోట్లలోనే ఉంటున్నవాళ్ళు ఉంటారు, ఏ మూల బురద గట్టిగా ఉంటుంది, ఏ మూల లంగరు జారుతుంది అన్నీ వాళ్ళకి తెలుసు, కాఫీకి పిలిస్తే చాలు చెప్తారు. ఫిల్టర్ కాఫీ అయితే మళ్ళీ మళ్ళీ వస్తారు.

## ఏ నెలలో వెళ్తున్నారు

నిజానికి ఇది తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే. మన పిల్లల ఎండాకాలం సెలవులు ఏప్రిల్, మేలో వస్తాయి, లంకావిలో సరిగ్గా అప్పుడే గాలి పడిపోతుంది, సుమత్రాలు మొదలవుతాయి, అంటే రాత్రి మొదటి సగం ఉక్క, రెండో సగం గాలివాన, వాన కొడితే హ్యాచ్‌లు మూయాలి, మూస్తే మళ్ళీ ఉక్క. ఆ నెలల్లో ఎవరైనా సరే ఏసీ ఉన్న మెరీనా. డిసెంబర్ నుంచి మార్చి దాకా మాత్రం ఈశాన్యం గాలి రోజూ వస్తుంది, వానలు తక్కువ, నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయి, లంగరు వేసుకున్నవాళ్ళకి అంతకంటే మంచి కాలం లేదు, క్రిస్మస్ సెలవులు పొంగల్‌తో కలుపుకుంటే మనకి సరిపోతుంది కూడా. అయితే ఊళ్ళో బోట్లన్నీ అప్పుడే వస్తాయి, డిసెంబర్‌లో ఫుకెట్‌లో కింగ్స్ కప్ బోటు పందేలు, జనవరిలో లంకావిలోనే రెగట్టా, అవీ బోటు పందేలే, మెరీనాల్లో చోటు దొరకదు, ఆ రోజుల్లో మెరీనాయే కావాలంటే సెప్టెంబర్‌లోనే బోటు పొడవు, వెడల్పు, కింద ఎంత లోతు కావాలో రాసి మెయిల్ పెట్టండి.